ఎడమచేతివాటం అనుకున్నాను

మా తెలుగు చర్చి పిల్లలకి నేను ఏం ఉద్యోగం చేసి రిటైరయ్యానో ఇప్పటికీ సరిగ్గా తెలియదు. "ఆంటీ, మీరు మ్యూజిక్ టీచర్ కదా?" అంటారు. కాదంటే "అయితే సింగరా?" అంటారు. అదీ కాదమ్మా, నేను చేసింది నకలు రాసే పని. ఎవరో చేత్తో గీసిన సంగీతాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి, అచ్చుకి పనికొచ్చేలా శుభ్రం చేసి ఇవ్వడం. అది కూడా మన పాటలు కాదు, యూదుల ప్రార్థన పాటలు. ఇంతవరకు చెప్పేసరికి వాళ్లు మర్యాదగా "ఓ, కూల్" అని ఫోన్లలోకి వెళ్లిపోతారు. నోటితో చెబితే వినరు కాబట్టి రాస్తున్నాను. ఇరవై రెండేళ్లలో నేను బాగా చేసిన పనుల గురించి రాస్తే ఒక పుస్తకం అవుతుంది, ఎవరూ చదవరు. అందుకని నేను చేసిన ఒకే ఒక్క పెద్ద తప్పు గురించి రాస్తున్నాను.

మా ఆయన కార్ల కంపెనీ ఉద్యోగం మీద అమెరికాలోని ట్రాయ్ వచ్చాం. కోస్తాలో మిషన్ హాస్టల్లో చదివేటప్పుడు ఒక టీచరమ్మ నాకు పియానో, అయిదు గీతల మీద రాసే స్టాఫ్ నొటేషన్ పట్టుబట్టి నేర్పింది. అది ఎందుకైనా పనికొస్తుందని ఆవిడా అనుకోలేదు, నేనూ అనుకోలేదు. ఇక్కడ యూనివర్సిటీ మ్యూజిక్ లైబ్రరీలో చేతిరాత సంగీతం చదవగలిగే మనిషి కావాలని చూసి అప్లై చేశాను. ఇంటర్వ్యూ చేసింది యూదు సంగీతం మీద పరిశోధన చేసే ప్రొఫెసర్ గారు. అప్పటి మాటలన్నీ ఇంగ్లీషులోనే జరిగాయి కానీ నాకు మాత్రం తెలుగులోనే గుర్తున్నాయి.

"హీబ్రూ వచ్చా?" అన్నారు.

"రాదండీ."

"నోట్స్ తప్పుల్లేకుండా రాయగలరా?"

"రాయగలను."

"అయితే చాలు. నోట్స్ మీవి, మాటలు నావి."

అదే మా ఒప్పందం. నేను స్వరాలు ఎక్కించి ప్రింటు తీసి ఇచ్చేదాన్ని. దాని కింద హీబ్రూ మాటలు ఆయన పేర్చేవారు. ఆయన నా ప్రింటునే చూసేవారు, అసలు కాగితాన్ని చూసేవారు కాదు. నేను స్కాన్‌నే చూసేదాన్ని, అసలు నోట్‌బుక్‌ని ముట్టుకునేదాన్ని కాదు. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు అవసరం పడుతుంది.

యూదుల ప్రార్థనాలయం సినగాగ్‌లో ప్రార్థనలు పాడి నడిపించే గాయకుణ్ణి కాంటర్ అంటారు. మన చర్చిలో పాస్టర్ గారూ క్వయర్ లీడరూ ఒకే మనిషి అయితే ఎలా ఉంటుందో కొంచెం అలా. పాత తరం కాంటర్లు తమ పాటల్ని సొంత నోట్‌బుక్కుల్లో రాసుకునేవారు. వాటిలో సంగీతంతో పాటు టీ మరకలు, కిరాణా చిట్టాలు, పక్కన చిన్న చిన్న రాతలు ఉండేవి. ఆ రాతల ముక్కలు మాత్రం స్కాన్‌లోంచి కత్తిరించి పంపితే ప్రొఫెసర్ గారు చదివి చెప్పి నవ్వించేవారు. ఒకాయన ఒక గొప్ప రాగం మధ్యలో "ఇక్కడ ఆపెయ్, జనం ఆకలి మీద ఉన్నారు" అని రాసుకున్నాడట. ఆ మనుషుల్ని నేను ఒక్కసారి కూడా చూడకపోయినా, చేతిరాత చూస్తే ఎవరు తొందరమనిషో ఎవరు దిగులుమనిషో చెప్పేసేదాన్ని. అంత నమ్మకం నా మీద నాకు. తప్పుల్లేని మనిషి అని లైబ్రరీలో నాకు పేరు. ఆ పేరు వినడానికి చాలా బాగుండేది.

రిటైరవడానికి నాలుగేళ్ల ముందు ఒక నోట్‌బుక్ వచ్చింది. తొంభయ్యో ఏట అడుగుపెట్టబోతున్న ఒక కాంటర్ గారిచ్చారు. అది ఆయన నాన్నగారిది. తండ్రి కూడా కాంటరే, పడుచువాడిగా ఉన్నప్పుడు తూర్పు యూరప్ నుంచి ఓడెక్కి వచ్చాడు. ఈ పెద్దాయన రిటైరై చాలా కాలమైనా, తానుంటున్న సీనియర్ల అపార్ట్‌మెంట్‌లో ప్రతి శనివారం పాతికమంది ముసలివాళ్లకి ప్రార్థన నడిపేవారు. చూపు బాగా మందగించింది, నోట్స్ చదవలేరు. జేబులో ట్యూనింగ్ ఫోర్కు ఒకటి ఉండేది, అదీ తండ్రిదే. శనివారం దాన్ని ముట్టకూడదు కాబట్టి, శుక్రవారం పొద్దుగూకక ముందే మోకాలి మీద టంగుమని కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని, మర్నాటికి శ్రుతి పట్టుకునేవారు.

నోట్‌బుక్ ఇచ్చేటప్పుడు ఆయన అడిగింది ఒక్కటే. "ఇందులో మా నాన్న సొంతంగా కట్టిన పాట ఒకటి ఉండాలి. సినగాగ్‌లో ఎప్పుడూ పాడలేదు. శుక్రవారం సాయంత్రం ఇంట్లో భోజనాల దగ్గరే పాడేవాడు. అది ఒక్కసారి క్వయర్ పాడగా వినాలని ఉంది." తొంభయ్యో పుట్టినరోజుకి ఆదివారం మధ్యాహ్నం కచేరీ పెట్టి, అందులో పాడిస్తామని ప్రొఫెసర్ గారు మాటిచ్చారు.

పాట నోట్‌బుక్ చివరి పేజీలో దొరికింది, స్కాన్లలోని పేర్ల ముక్కలు కత్తిరించి పంపితే ప్రొఫెసర్ గారే గుర్తుపట్టారు. మిగతా పేజీలన్నీ ముత్యాల్లాంటి రాత. ఈ పేజీ మాత్రం పెన్సిల్‌తో హడావుడిగా గీసింది. పైన హీబ్రూలో పాట పేరు, కింద ఏడు వరుసల స్వరాలు, అంతే. వరుస మొదట్లో ఉండాల్సిన గుర్తుల్లేవు, కింద మాటల్లేవు. చిన్న స్వరాల కాడలకి కొక్కేలుంటాయి, అవి ఎప్పుడూ కుడివైపే తిరిగి ఉండాలి. ఇందులో అన్నీ ఎడమవైపు తిరిగి ఉన్నాయి. చూసి ఒక్క క్షణం ఆగాను. "ఓహో, ఈయనది ఎడమచేతివాటం అన్నమాట" అనుకున్నాను. ముందు నూట పాతిక పేజీల్లో కొక్కేలు సవ్యంగానే ఉన్నాయి కదా అన్న ఆలోచన నాకు రాలేదు. నా తెలివికి నేనే ముచ్చటపడి, పేజీ పూర్తి చేసి పంపేశాను.

పాట విచిత్రంగా ఉన్న మాట నిజం. ప్రతి వరుసా నిదానంగా పెద్ద స్వరంతో మొదలై, పరిగెత్తి పరిగెత్తి ఠక్కున ఆగిపోయేది. ఆ పేరుతో పాత ప్రార్థన పుస్తకంలో ఉన్న మాటలు దీనికి అతకడానికి ప్రొఫెసర్ గారు వారం రోజులు కుస్తీ పట్టారు. చివరికి అతికించారు. అతికించాక ఆ పాట మీద ఆయనకి ఎక్కడలేని ప్రేమ పుట్టింది. ఊరు విడిచి వెళ్లిపోతున్న మనిషి ఊపిరి అలా తెగుతుందని, ఇది కాలానికి ముందు పుట్టిన సంగీతమని పన్నెండు పేజీల వ్యాసం రాశారు. నేను ఆ వ్యాసం టైపు చేస్తూ నిజంగానే కళ్లు తుడుచుకున్నాను.

కచేరీకి పదకొండు రోజుల ముందు, బుధవారం సాయంత్రం క్వయర్ రిహార్సల్. పెద్దాయన్ని కూతురు తీసుకొచ్చి ముందు వరుసలో కూర్చోబెట్టింది. ఆవిడకీ అరవై దాటి ఉంటాయి, రిటైరైన నర్సు. తండ్రి మీద ప్రాణం, దానికి తోడు భయం. ఆయన పాటల మధ్య గొంతు కలుపుతుంటే, మోకాలి మీద చెయ్యి వేసి "ష్, డాడీ" అంటూ ఉండేది. ఆయన ఒక నిమిషం ఊరుకుని మళ్లీ మొదలుపెట్టేవారు.

నాన్నగారి పాట వచ్చింది. ఆయన వెన్ను నిటారుగా పెట్టి, కళ్లు మూసుకున్నారు. రెండు వరుసలయ్యేసరికి కళ్లు తెరిచారు. పాట ముగిసింది.

"ఇది కాదు," అన్నారు.

ప్రొఫెసర్ గారు దగ్గరికెళ్లి మోకాళ్ల మీద కూర్చున్నారు. "మీ నాన్నగారి చేతిరాతలో ఉన్నదేనండీ. పైన పేరు కూడా ఆయనే రాశారు."

"పేరు అదే కావచ్చు. పాట ఇది కాదు. ఇలా ఉంటుంది..." అని ఆయన సన్నగా ఒక వరుస, ఇంకో వరుస అందుకున్నారు. మూడో వరుస దగ్గర కూతురు మోకాలి మీద చెయ్యి వేసింది.

"డాడీ, పోన్లెండి. ఎనభయ్యేళ్ల నాటి పాట. ఎవరికి గుర్తుంటుంది?"

"నాకు గుర్తుంది."

"మొన్న నా ఫోన్ నంబర్ కూడా మర్చిపోయారు కదా, డాడీ," అందామె, ఎంతో మెల్లిగా. ఆ మెల్లిదనమే ఆయన్ని కుంగదీసిందనుకుంటాను.

ఆయన కాసేపు క్వయర్ వైపు చూశారు. తర్వాత జేబులోంచి ట్యూనింగ్ ఫోర్కు తీసి కూతురి చేతిలో పెట్టారు. "నాన్న పాటే మరిచిపోయానంటే ఇంక ప్రార్థనలు ఏం గుర్తుంటాయి? దేవుడి ముందు తప్పులు పాడుతున్నానేమో, పాపం ఆ ముసలాళ్లు చెప్పలేక ఊరుకుంటున్నారేమో. ఈ శనివారం నుంచి ఇంకెవరినైనా చూసుకోమను." ఆవిడ ఫోర్కుని హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. హాల్లో అందరితో పాటు నేనూ ఆయన మీద జాలిపడ్డాను. అయ్యో, పెద్దతనం, అనుకున్నాను. కాగితంలో తప్పుండవచ్చని ఒక్క క్షణం కూడా తోచలేదు. కాగితం నాది కదా మరి. ఈ వయసులో కూడా నాకు ఎక్కువ సిగ్గు కలిగించేది ఆ జాలే.

అయితే ఒక మంచి పని అలవాటు మీద జరిగిపోయింది. ఎవరైనా పాడుతుంటే నా చెయ్యి ఊరుకోదు. ఆయన పాడిన రెండు వరుసలూ నా దగ్గరున్న ఒక పాత కవరు వెనక రాసేశాను. శుక్రవారం మధ్యాహ్నం ఆఫీసులో ఏదో వెతుకుతుంటే ఆ కవరు బయటపడింది. సరదాగా స్క్రీన్ మీద స్కాన్ పక్కన పెట్టి చూశాను. ఆయన మొదటి వరుసలో పదకొండు స్వరాలు. నా మొదటి వరుసలోనూ పదకొండే. ఆయన ముగించిన పెద్ద స్వరం దగ్గర నాది మొదలైంది. దాని పక్కది, ఆ పక్కది... వేలితో వెనక్కి వెనక్కి జరుపుకుంటూ వెళ్లాను. రెండో వరుసా అంతే.

పరుగులాంటి నడకతో రీడింగ్ రూమ్‌కి వెళ్లాను. అక్కడ పాత కాగితాలు చూసుకునే ఆవిడ యూదు మహిళ, నాకు ఎన్నో ఏళ్ల స్నేహితురాలు. నోట్‌బుక్‌లో చివరి పేజీ చూడాలన్నాను. ఆవిడ నోట్‌బుక్ తెచ్చి మెత్త మీద పెట్టి, కుడివైపు అట్ట పట్టుకుని తెరిచింది.

"ఇది చివరిది కాదు, మొదటిది," అంది. "హీబ్రూ పుస్తకం ఇటు నుంచే కదా మొదలయ్యేది. ఇక్కడ ఈ ఒక్క పాటే రాసుకున్నాడు, పాపం. తర్వాత అమెరికా వచ్చి, అటువైపు నుంచి అమెరికా పద్ధతిలో రాసుకొచ్చాడు. మధ్యలో ఖాళీ పేజీలు చూడు."

"సంగీతం కూడా కుడి నుంచి ఎడమకి రాస్తారా?"

"పూర్వం కొందరు కాంటర్లు రాసేవారు. మాటలు అటు నుంచి నడుస్తుంటే నోట్స్ ఇటు నుంచి ఎలా నడుస్తాయి? మీ ప్రొఫెసర్ గారు దీని మీద ప్రతి ఏడూ పాఠం చెబుతారుగా!"

"నాకెప్పుడూ చెప్పలేదేం?"

"నువ్వెప్పుడూ స్కానే చూస్తావు. అడిగితే కదా చెప్పేది."

హీబ్రూ కుడి నుంచి ఎడమకి రాస్తారని నాకు ఎప్పుడో తెలుసు. పద్దెనిమిదేళ్లు ఆ మనుషుల మధ్య పనిచేసి, ఒక కుర్రవాడు తన పాటని తన భాష నడిచిన దారిలోనే నడిపిస్తాడని ఊహించలేకపోయాను. తొంభయ్యేళ్ల మనిషి జ్ఞాపకం నిక్షేపంగా ఉంది. తప్పుల్లేని మనిషిగా పేరున్న నేను, ఆయన నాన్న పాటని ఏడు వరుసలూ వెనకనుంచి ముందుకి రాసి ఆయన మతి మీద ఆయనకే నమ్మకం పోగొట్టాను.

ప్రొఫెసర్ గారికి ఫోన్ చేసి మొత్తం చెప్పాను. "నా పన్నెండు పేజీలు," అన్నారు ఆయన. మళ్లీ "ఊపిరి తెగుతుందని రాశాను," అన్నారు. ఆ తర్వాత మొదలుపెట్టిన నవ్వు ఎంతకీ ఆగలేదు. ఆగాక మాత్రం గొంతు మారింది. "టైమెంతైంది? నాలుగు దాటిందా? ముందు ఆయన దగ్గరికి వెళ్లండి. నేను ఏడవడానికి వీకెండంతా ఉంది."

తొందర ఎందుకంటే అది శుక్రవారం. పొద్దుగూకే ముందు ఆ ఇంట్లో కొవ్వొత్తులు వెలిగిస్తారు. అక్కడి నుంచి శనివారం చీకటి పడేదాకా ఆయన ఫోన్ ఎత్తరు, కలం పట్టరు, ఫోర్కు ముట్టరు. చలికాలం కాబట్టి ఐదున్నర లోపే పొద్దుపోతుంది. ఆలస్యమైతే రేపు పొద్దున ఆయన పాడకుండా కూర్చుంటారు. తొంభయ్యేళ్ల మనిషి ఒకసారి మానేస్తే మళ్లీ మొదలుపెడతారని నమ్మకమేముంది? రెండుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. వంటింట్లో హడావుడిగా ఉండి ఉంటారు.

కారెక్కుతూ మా ఆయనకి చేశాను. "ఏవండీ, నాకు లేటవుతుంది," అని విషయం చెప్పాను.

"అంటే డిఫెక్ట్ మన సైడే?"

"మన సైడే."

"అయితే రీకాల్ చెయ్యాల్సిందే. ఎంత డిలే చేస్తే అంత డ్యామేజ్. నువ్వు వెళ్లు. రోడ్లు ఐసీగా ఉన్నాయి, ఫాస్ట్‌గా డ్రైవ్ చెయ్యకు. అన్నం నేను వండుతాలే." ముప్పయ్యేళ్లు కార్ల కంపెనీలో చేసినాయన, పెళ్లాం తప్పు విని తిట్టకుండా రీకాల్ అన్నారు చూడండి, ఆ మాటకి ఆ రోజు నాకు ఎంత ధైర్యమొచ్చిందో చెప్పలేను.

నేను వెళ్లేసరికి కూతురు బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి రెండు కొవ్వొత్తులు పెట్టింది. ఇంకా వెలిగించలేదు. పెద్దాయన కిటికీ దగ్గర కుర్చీలో కోటు వేసుకుని కూర్చున్నారు. నన్ను చూసి ఇద్దరూ కంగారుపడ్డారు. దారిలో ఎంతో మర్యాదగా మాటలు పేర్చుకున్నాను కానీ అక్కడ నోట్లోంచి వచ్చింది వేరు.

"మీరు మరిచిపోలేదండీ. నేనే పాటని తిరగేసి రాశాను."

పేజీ సంగతి, కుడివైపు అట్ట సంగతి, కొక్కేల సంగతి గబగబా చెప్పాను. ఆయన చెవి నావైపు పెట్టి విన్నారు.

"మళ్లీ చెప్పు," అన్నారు.

మళ్లీ మొదటి నుంచి చెప్పాను.

"అదంతా కాదు. మొదట అన్నావే, అది చెప్పు."

"మీరు మరిచిపోలేదు."

ఆయన కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నారు. రెండు చెంపల మీదా నీళ్లు కారుతున్నా తుడుచుకోలేదు. నాకూ ఆగలేదు. "క్షమించండి. మీ నాన్నగారిది ఎడమచేతివాటం అనుకున్నాను," అన్నాను.

ఆయన కళ్లు తెరవకుండానే నవ్వారు. "మా నాన్న కుడిచెయ్యి ఎంత గట్టిదో ఈ చెంపనడుగు."

కూతురు బల్ల పట్టుకుని నిలబడిపోయింది. "డాడీ, నేను..." అంది. సోఫా మీద ఉన్న హ్యాండ్‌బ్యాగు తెరిచి, వెతికి, ఫోర్కు తీసి ఆయన అరచేతిలో పెట్టి వేళ్లు ముడిచింది.

"టైమెంతుంది?" అన్నారాయన.

"ఎనిమిది నిమిషాలు."

"చాలు." మోకాలి మీద టంగుమని కొట్టి చెవి దగ్గర పెట్టుకున్నారు. ఏడు వరుసలూ పాడారు. నేను ఎక్కించిన స్వరాలే, ఒక్కటి ఎక్కువ లేదు, ఒక్కటి తక్కువ లేదు. కానీ ప్రతి వరుసా చిన్నగా నడిచొచ్చి, చివర్లో పెద్ద స్వరం మీద కూర్చునేది, పనంతా అయిపోయాక భోజనానికి కూర్చున్న మనిషిలా. పాటలో ఆందోళన లేదు, ఊపిరి తెగడం అంతకన్నా లేదు. అది వారమంతా పనిచేసి ఇంటికొచ్చిన వాడి పాట. ముగించి ఫోర్కుని సొరుగులో పెట్టేసి, "ఇక వెలిగించమ్మా," అన్నారు. వెళ్లొస్తానంటే నాతో "రేపు పొద్దున నేనే పాడతానని కింద చెప్పి వెళ్లు," అన్నారు.

ప్రొఫెసర్ గారు పన్నెండు పేజీలూ పక్కన పడేసి, అయిదు రోజుల్లో క్వయర్‌కి కొత్త కూర్పు తయారుచేశారు. నేను అసలు నోట్‌బుక్ పక్కన పెట్టుకుని ఎక్కించాను. మాటలు ఈసారి పది నిమిషాల్లో అతికాయట. నేర్చుకున్నది మళ్లీ నేర్చుకోవాల్సి వచ్చినందుకు క్వయర్ వాళ్లు నా వైపు చూసిన చూపులు అలాగే గుర్తున్నాయి. కాఫీ, డోనట్లు కొనిపెట్టి కొంత శాంతింపజేశాను.

పిల్లలూ, మీరంతా రేపు ఏవేవో పెద్ద పనులు చేస్తారు, మీ స్క్రీన్ల మీద అన్నీ శుభ్రంగా కనపడతాయి. ఎవరో ఒక పెద్దాయన వచ్చి "ఇది కాదు" అంటారు. అప్పుడు ఆయన మీద జాలిపడే ముందు లేచి వెళ్లి అసలు కాగితం చూడండి. నేను చెప్పగలిగింది ఇంతే.

కచేరీ రోజు నేను ఆయన వెనక వరుసలో కూర్చున్నాను. నాన్నగారి పాట మొదలైంది. ఆయన క్వయర్ వైపు చూడలేదు, కూతురి వైపు తిరిగారు. ప్రతి వరుసా క్వయర్ కంటే ఒక్క క్షణం ముందే ఆయన నోట్లో ఉంది. ముందు ఆయన సన్నగా అనేవారు, వెంటనే నలభై గొంతులు అదే అనేవి. ఏడు వరుసల్లోనూ ఒక్కచోట తడబడలేదు. పక్కవాళ్లు తిరిగి చూస్తున్నారు. కూతురు చెయ్యి ఎప్పటిలాగే ఆయన మోకాలి మీద ఉంది. ఈసారి ఆమె "ష్" అనలేదు, ఆ చేత్తో తాళం వేస్తోంది.